మంచు తగలని సూదిమందు

తెలంగాణ ఉద్యమంలో కొడిమ్యాల దగ్గర ఉద్యమకారులు నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు పెట్టడంతో మా బస్సు ఆగింది. జగిత్యాల దవాఖానలో ఉన్న చెల్లెకు క్యాన్సర్ సూదిమందు తీసుకెళ్తున్నాను. ఎండకు పాడవుతుందని, వంటవాళ్లను మంచుగడ్డలు అడిగి తెచ్చి సీసాను వాటిలో కూరబోయాను.

పక్క సీటు అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"గడ్డకట్టినా పాడైతదమ్మా. నేను గిసొంటి మందులు చేసే ల్యాబ్‌లనే పని చేస్త."

"దేంతోని చేస్తరు బిడ్డా?"

నా మగ్గం మీద నేసిందని చెప్పి నేనిచ్చిన తువ్వాలను సీసాకు చుట్టి, మంచులో పెడుతూ చెప్పింది.

"చిట్టెలుక కణాలను పెంచి, వాటిల కొత్త జన్యువు పెడతం. చిల్లుల అట్టలు మారిస్తే మీ మగ్గం కొత్త పువ్వు నేస్తది గదా, గట్లనే అవి రోగంతోని కొట్లాడే యాంటీబాడీ తయారుచేస్తయి."

"మా చెల్లెకు ఎలుక నేస్తదా!"

ఇద్దరం నవ్వాం.

ఇప్పుడు చెల్లె కోలుకుని నా పక్కనే నూలు కండెలు చుడుతుంది. అట్టలు మార్చినప్పుడల్లా, "ఎలుకకు దండం పెట్టక్కా" అంటుంది.