ఆదివారం దాకా మామిడి ఐసు

అది మా అత్తకు గొంతులో పుండు లేచిన వేసవి. అన్నం దిగదు, గంజి దిగదు. చల్లటిదైతే రెండు గుక్కలు దిగేది. రంగూన్ పక్కన ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసే నా భర్త, ఇండియా ఓడెక్కిన ఒక కుటుంబం వదిలేసిన పాత ఫ్రిజ్జును బాగుచేసి అంతకుముందే ఇంటికి తెచ్చాడు. కరెంటు రోజుకు రెండు మూడుసార్లు పోయేది. పోయిన గంట, వచ్చిన గంట క్యాలెండరు మీద రాసేదాన్ని.

మంగళవారం సర్కారు దుకాణంలో మా వంతు చక్కెర దొరికింది. ఆ రోజే ఆరు మామిడిపళ్లు పిండి, పీచు వడగట్టి, ఎనిమిది చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి చిన్న గ్లాసుల్లో పోశాను. సగం గడ్డకట్టాక వెదురుపుల్లలు గుచ్చాను. మొత్తం పదకొండు. రుచి చూడలేదు. అమ్మవారికి నివేదన కానిదే ఆ ఏటి మామిడిని మావాళ్లు నోట పెట్టరు. రంగూన్‌లో ఆ నివేదన బర్మావాళ్ల నీళ్ల పండుగ వెళ్లిన మొదటి ఆదివారం. ఇంకా ఐదు రోజులుంది.

"ఏటే, మావిడి వాసనొస్తంది. ఓటి ఎట్టవే," అంది అత్త మంచం మీంచి.

"ఆదివారం ఎడతాను అత్తా."

"ఆదివారానికి నానుంటానేటి?"

"ఉంటావులే. నన్ను తిట్టడం అవకుండా నువ్వెక్కడికెల్తావు?"

నవ్వబోయి దగ్గింది. "గట్టిదానివే. నా కాడే నేర్సినావు."

నిజమే. పద్దెనిమిదేళ్ల కిందట, ఐదో నెల కడుపుతో, నివేదన కాకముందే వంటింటి వెనక ఒక మామిడి చెక్క నోట్లో వేసుకున్నాను. ఇరుగుపొరుగు చూస్తుండగా ఆమె నా దవడలు నొక్కి, వేలు పెట్టి దాన్ని బయటికి తీసింది.

"ఇచ్చీవే," అన్నాడు నా భర్త. "ఒక్క ఐసుకి అమ్మోరు అలుగుద్దేటి?"

"అలుగుద్దో లేదో మీయమ్మనే అడుగు," అన్నాను.

అతను అడగలేదు. నేను మంచినీళ్ల ఐసు ముక్క ఒకటి ఆమె నోట్లో పెట్టాను. కాసేపు ఉంచుకుని నాలుకతో బయటికి తోసేసింది. "సప్పగుంది," అంది.

శుక్రవారం తెల్లవారాక అత్త పోయింది. మైల వచ్చింది కనుక ఆదివారం మా ఇంటి నుంచి నివేదన లేదు. ఆ శుక్రవారం పగలే కరెంటు తొమ్మిదికి పోయి నాలుగింటికి గాని రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చుని ఉండగానే ఫ్రిజ్జు తలుపు కింద నుంచి పసుపుపచ్చని రసం గచ్చు మీదికి పాకింది. నా భర్త గోనెపట్టా తెచ్చి తానే తుడిచాడు. నావైపు చూడలేదు.

కడుపుతో ఉన్నవాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు ఆ మామిడి కట్టడి లేదు. నా నోట్లోంచి ముక్క తీసిన మర్నాడే గుడి దగ్గర ఒక పెద్దావిడ నాకు ఆ సంగతి చెప్పింది. అత్తకు తెలుసో లేదో నేను అడగలేదు. నాకు తెలుసు. నా భర్తకు ఇప్పటికీ చెప్పలేదు.