నలభై దాటని కొత్త కారు

కొత్త ఇంజిన్ ముఖ్యమా, లోపల కూర్చున్న మనిషి ముఖ్యమా?

ఎనభైలలో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, నొప్పులు పడుతున్న అక్కను బావ భీమిలి నుంచి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు; తోడుగా నేనూ కారెక్కాను. వేగానికి పేరుపడ్డ కొత్త కారది. అయితే వెనక అద్దంపై ‘రన్నింగ్ ఇన్’ కాగితం ఉంది. ఇంజిన్ సర్దుకునేవరకు వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటకూడదు.

మమ్మల్ని దాటిపోతూ బస్సు క్లీనరు అరిచాడు: “పెళ్ళికొడుకు ఊరేగింపా, బాబూ?”

“తొక్కు బావా!” అన్నాను.

“ఇంజిన్ జామైపోతే నడిదారిలో ఏటి సేత్తావ్ రా?”

కళాశాల వక్తృత్వ పోటీల్లో గెలిచింది నేను. జవాబు చెప్పింది అక్క.

“నా నొప్పులకి రన్నింగ్ ఇన్ లేదండీ, తొక్కండి!”

బావ తొక్కాడు. ఆసుపత్రి చేరిన కాసేపటికే మేనకోడలు పుట్టింది.

కొత్త కారు కొన్నవారికి నా విన్నపం: ఆ కాగితం అతికించే రోజే, ఎవరి కోసం దాన్ని చింపుతారో ఇంట్లో తేల్చుకోండి.