రోడ్డు మధ్యలో అక్కాచెల్లెళ్లు

ఎంగిలిపూల బతుకమ్మకు ముందటి ఆదివారం, సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకు నా భార్య ఒక్కతే రోడ్డు దాటడానికి బయల్దేరింది. ఇంత చిన్న సంగతి కూడా రాస్తారా అనుకునేవాళ్లు నేతపనికి వలసొచ్చి మేముంటున్న ఈ పరాయి రాష్ట్రపు నవాగామ్ రోడ్డు చూసి ఉండరు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

రోడ్డుకు ఇవతల మా ఇల్లు. అవతలి సందులో నా భార్య అక్క ఇల్లు. నాకు వదినె. ఒకరింట్లో కూర ఉడికితే రెండో ఇంటికి పోవాల్సిందే. రెండేళ్ల కిందట అట్లా పోతుండగానే స్కూటర్ గుద్ది నా భార్యకు తుంటి విరిగింది. నడక వచ్చింది గానీ మెల్లగా. వాడలో అందరిదీ ఒకటే మాట, చూసుకొని దాటాల్సింది అని. ఆమె చూసుకునే దాటింది. స్కూటరే ఆగలేదు.

అప్పటినుంచి చెయ్యి పట్టుకొని నేను దాటించాలి. ముచ్చట్లు అయ్యేదాకా వదినె గడపలో కూర్చోవాలి, మళ్లీ తీసుకురావాలి. నాకు షుగరు. రేపు నేను మంచాన పడితే ఈమెను ఎవరు దాటిస్తారన్నదే నా బెంగ.

వానలు తగ్గాక మున్సిపాలిటీ తరఫున ఒక ఇంజనీరు పిల్ల వచ్చింది. తెలుగు పిల్లే, ఊళ్లో కలిగినవాళ్లుండే అడాజన్‌లో ఉంటుంది, తండ్రి బ్యాంకు ఉద్యోగి. మా సందు ఎదుట రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి డాంబరు పోయించింది. రెండు అంచులా ఇసుక బస్తాలు పేర్పించి బండ్ల దారి ఇరుకు చేసింది. నడిమధ్యన బస్తాలతోనే ఒక దిమ్మె కట్టించింది. ఆదివారం పరీక్ష చేసి చూస్తామంది.

“ఏంది పిల్లా, ఉన్న రోడ్డును గింత సన్నం జేస్తివి?” అన్నాను.

“సన్నగా ఉంటే బండి మెల్లగా వస్తుంది అంకుల్. సగం దాటి మధ్యలో ఆగొచ్చు.”

“మంది చూసుకొని దాటాలె. గంతే గదా?”

“ఎంత చూసుకున్నా ఎవరో ఒకరు పొరపాటు చేస్తారు. నడిచేవాళ్లో, నడిపేవాళ్లో. దానికి ప్రాణం పోకుండా రోడ్డు కట్టాలి అంకుల్.”

నలభై ఏళ్లు సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేశాను. పోగు తెగితే సాంచా దానంతట అదే ఆగుతుంది. నేసేవాడు కునికినా బట్ట చెడదు. రోడ్డుకూ అట్లాంటి ఏర్పాటు ఉండొచ్చని నాకెన్నడూ తోచలేదు.

ఆ ఆదివారం రోడ్డు అంచున నిలబడి అలవాటుగా చెయ్యి చాపాను. నా భార్య కొంగు బిగించింది.

“నీ చెయ్యొద్దు. పక్కకు జరుగు.”

“పడితివనుకో?”

“పడితే లేస్త. నువ్వు బీపీ పెంచుకోకు.”

అడుగు పెట్టింది. బట్ట చుట్టలు, తాకాలు మోసే టెంపో ఒకటి ఆ ఎత్తు దగ్గర మెల్లబడి ఆగింది. ఆమె దిమ్మె చేరింది. మేం ఊపిరి వదిలేలోపు, అవతల నిలబడ్డ వదినె ఆగలేక ఎదురొచ్చేసింది. ఇద్దరూ నడిమధ్యన కలుసుకున్నారు. ఇక అటూ పోరు, ఇటూ రారు. ఒక బస్తా మీద చెల్లెలు, పక్క బస్తా మీద అక్క కూర్చున్నారు. రెండు వైపులా బండ్లు పోతుంటే తీరుబడిగా మాటలు!

“ఆంటీ, దాటండి! అది కాసేపు ఆగడానికే!” ఇంజనీరు పిల్ల కేకేసింది.

“ఆగినమే గద బిడ్డా!” అంది వదినె.

టెంపో డ్రైవరు వాళ్ల పక్కనుంచి పోతూ తల బయటపెట్టాడు. “అరే మాసీ, ఘర్ నహీ హై క్యా?”

ఇల్లు లేదా అన్నాడని తెలిసేంత హిందీ నా భార్యకు వచ్చు. జవాబు మాత్రం తెలుగులోనే ఇచ్చింది. “ఉన్నయి నాయనా, అటొకటి ఇటొకటి. నువ్వు మెల్లగ పో.”

నేనూ అరిచాను. “ఏమే, గాడ ఏం ముచ్చట?”

“బతుకమ్మకు బంతిపూలు ఎన్ని దేవాలె అని అడుగుతున్న. నీకెందుకు?”

“వదినే, జర దాన్ని లేపు!”

“నువ్వు పక్కన లేకుంట ఇన్నాళ్లకు చెల్లె దొరికింది మరిదీ. జరసేపు ఆగు!”

ఇంజనీరు పిల్ల నవ్వింది. “ఇద్దరు నిలబడితే చాలనుకొని గీశాను అంకుల్. ఇంకాస్త వెడల్పు చేయాలి.”

“చెయ్యి. కూసునే తీరు మాత్రం జెయ్యకు. వంటలు ఈడనే పెడతరు.”

చివరికి నా భార్య లేచింది. తుంటి మీద చెయ్యి వేసుకొని, వచ్చే బండ్ల వైపు చూసి, మిగతా సగం దాటింది. వెనకే వదినె. నా కాలు దానంతట అదే రోడ్డు మీదికి పోయింది, వెనక్కి లాక్కున్నాను. ఆమె తిరిగి చూడకుండా అవతలి సందులోకి పోయింది. దీపాలు పెట్టే వేళకు మళ్లీ ఒక్కతే దాటి వచ్చింది.

“ఇంకా ఉందును గానీ నువ్వు ఆకలికాగవు,” అంది.

నా చెయ్యి పట్టకుండా ఆమె దాటిన ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నా భార్య, ఆమె అక్క, అడాజన్ ఇంజనీరు పిల్ల, బస్తాలు మోసిన ఇద్దరు కూలీలు, మూల మీది పాన్ డబ్బా ఆయన, ఆగిన టెంపో డ్రైవరు, ఇవతలి ఒడ్డున నేను.