కుక్క మొరిగితే ఏం చేస్తారు?

కారు డిక్కీ తెరవగానే తడిసిన కుక్క వాసన గుప్పున కొట్టింది. ఎన్నిసార్లు కడిగినా పోదు. మావారు రవి ముక్కు మూసుకుని కిటికీలు దించుతారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను. ఆ వాసన నాకు కుక్క కంటే ముందు వసుంధర ఆంటీని గుర్తు తెస్తుంది. ఈ మాట వింటే ఆవిడ కోప్పడేవారు కాదు, "బాగుందే, చివరికి నన్ను ఇలా తలుచుకుంటావన్నమాట" అని నవ్వేవారు.

ఆంటీది ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో మా పక్కిల్లు. తెనాలి దగ్గర పుట్టి, నర్సుగా ఈ దేశం వచ్చి, ముప్పై ఏళ్ళు వార్డుల్లో నిలబడి, భర్త పోయాక లోపలే వండుకుని పడుకునే వీలున్న ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొనుక్కున్నారు. దానితోపాటు ఎవరో వదిలేసిన ఒక పొట్టి నల్ల కుక్కను కూడా తెచ్చుకుని భీముడని పేరు పెట్టారు. ఒంటికి మించిన గొంతు దానిది. పూజ చేసుకునే ఇంట్లో కుక్కేమిటని మనవాళ్ళు కొందరు ఆవిడ ఇంట్లో కాఫీ కూడా తాగేవారు కాదు. "దేవుడు ఇంతవరకు కంప్లైంట్ ఇవ్వలేదమ్మా, వీళ్ళే ఇస్తున్నారు" అనేవారు ఆంటీ.

మేము 2011లో ఆ ఇంట్లో దిగేనాటికి మా మేఘనకు నాలుగేళ్ళు. దానికి మాటలు రావు, ఇప్పటికీ రాలేదు. సంతోషం వస్తే మాత్రం గుండెల నిండా ఊపిరి తీసుకుని పెద్దగా కేక వేస్తుంది. పిల్లకు దెబ్బ తగిలిందేమోనని చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూస్తారు. సూపర్ మార్కెట్లో, పార్కులో, డాక్టరు క్లినిక్‌లో అందరికీ సారీలు చెప్పీ చెప్పీ చివరికి బయటికి వెళ్ళడమే మానేశాను. ఒకరోజు ఆంటీ కుక్కను వెంటబెట్టుకుని మా తలుపు కొట్టారు. గోడ అవతలికి కేకలు వినబడుతున్నాయని చెప్పడానికే వచ్చారనుకుని నోట్లో సారీ సిద్ధం చేసుకున్నాను.

"మీ అమ్మాయి కేకేస్తే మావాడు జవాబిస్తున్నాడమ్మా. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడదామని వచ్చా" అన్నారు.

ఆ తర్వాత రెండు వేసవులు ఆవిడ మమ్మల్ని, ఇంకొన్ని తెలుగు కుటుంబాలను క్యాంపింగ్‌కు తీసుకెళ్ళారు. చోటు వెతకడం చలికాలంలోనే మొదలయ్యేది. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్కొక్క క్యాంప్‌సైట్‌కూ స్వయంగా ఫోన్ చేసేవారు. వెబ్‌సైట్లో ఏముందో చూస్తే సరిపోదా అంటే, "కుక్కలకు స్వాగతం అని రాయడానికేం పోయింది, వాళ్ళ నోటితో చెప్పమను" అనేవారు. అడిగేవి మూడే. కుక్క ఉన్నవాళ్ళకు ఏ మూల చోటిస్తారు? వాన పడితే టీ తాగేచోట దాన్ని లోపలికి రానిస్తారా? మొరిగితే ఏం చేస్తారు? మూడోదానికి అవతలివాళ్ళు తడబడినా, నిబంధనలు వల్లించినా, మర్యాదగా థాంక్యూ చెప్పి నోట్‌బుక్‌లో ఆ పేరు కొట్టేసేవారు. ఆవిడ ఎంచిన చోట్ల మేఘన ఎంత అరిచినా ఎవరూ తిరిగి చూసేవారు కాదు. అది మా అదృష్టమనుకునేదాన్ని.

2014లో ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆ ఏడు చోటు చూసే పని నాకు అప్పగించారు. నాకేమో ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడాలంటే చచ్చేంత బెరుకు. ఎదురుగా ఉంటే చేతులతోనైనా చెప్పుకోవచ్చు, ఫోన్‌లో అవతలివాళ్ళు "పార్డన్?" అంటే నాకు వచ్చిన ముక్కలు కూడా మర్చిపోతాను. అందుకని నార్ఫోక్ తీరంలో ఒక క్యాంప్‌సైట్ వెబ్‌సైట్లో కుక్క పాదం గుర్తు చూసి, పది నిమిషాల్లో నాలుగు కుటుంబాలకూ బుక్ చేసేశాను. "అన్నీ అడిగావా?" అన్నారు ఆంటీ. అడిగానని అబద్ధం చెప్పాను.

తీరా వెళ్ళాక గేటు దగ్గర వార్డెన్ మ్యాప్ చేతిలో పెట్టాడు. కుక్కలున్నవాళ్ళు చెత్తడబ్బాల అవతల ఉన్న కింది పొలంలో ఉండాలి. మిగతావాళ్ళ టెంట్లుండే పై మైదానంలో కుక్క అడుగు పెట్టకూడదు. మొరిగిందని రెండు ఫిర్యాదులొస్తే ఖాళీ చేయాలి. మా గుంపుకు పెద్దగా వ్యవహరించే శ్రీనివాస్‌ది వరంగల్. ఆయన ముందుకొచ్చాడు.

"కుక్కను వ్యాన్ల కట్టేస్తే అయిపాయె గద ఆంటీ. రెండ్రోజులే." అని, నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సునీతా, ఏమనుకోకు. మీరు గూడ పాపను తీస్కొని ఆ కింది దిక్కే టెంటు ఏస్కుంటే మంచిగుంటది. మా పిల్లలు జర నిమ్మలంగ పంటరు."

నా నాలుక చివర "సరే అన్నా" ఉంది. ఆ రోజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆయన మాటకు కాదు, నా నాలుక చివర సిద్ధంగా ఉన్న ఆ సరేకి. ఈలోగా ఆంటీ వినేశారు.

"శ్రీనివాస్, నా ఇడ్లీ పాత్ర నీ కార్లో ఉంది. తెచ్చివ్వు."

"ఇప్పుడెందుకు ఆంటీ?"

"రేపు పొద్దున వేరేచోట ఇడ్లీలు వెయ్యాలి" అని, నాతో అన్నారు. "నేను పోతున్నాను. నా మొహం చూసి వ్యాన్ ఎక్కకు. నీకు ఎక్కాలనిపిస్తేనే ఎక్కు."

అందరిముందు గొడవెందుకు, సర్దుకుందామన్నారు రవి. "ఇన్నాళ్ళూ సర్దుకున్నది చాలు. నా కూతురు చెత్తడబ్బాల పక్కన ఉండదు" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనకు అంత గట్టిగా ఎదురు చెప్పడం అదే మొదలు. మేఘనను ఎత్తి వ్యాన్‌లో కూర్చోబెట్టాను. ఆయన చివరికి కారు మా వెనకే పోనిచ్చారు.

నాలుగు మైళ్ళు వెళ్ళాక ఆంటీ రోడ్డు పక్కన ఆపారు. ఫోన్ చెయ్యలేదని అప్పుడు ఒప్పుకున్నాను. "తెలుసు. అడిగినదానివైతే వాళ్ళేమన్నారో చెప్పకుండా ఊరుకునేదానివా?" అని తన ఫోన్, నోట్‌బుక్ నా ఒళ్ళో పెట్టారు. "ఇప్పుడు చెయ్యి."

మొదటి రెండు చోట్లా ఖాళీ లేదు. మూడోది ఒక గొర్రెల ఫారం. ఒక పెద్దావిడ ఎత్తింది. మూడు ప్రశ్నలూ అడిగాను. కుక్కన్నాక మొరగదా అంది ఆవిడ. హమ్మయ్య అనుకుని పెట్టేయబోతుంటే ఆంటీ నా మోచేయి పట్టుకున్నారు.

"పాప సంగతి కూడా చెప్పు."

"అదెందుకు ఆంటీ?"

"ఇన్నాళ్ళుగా నేను అడుగుతున్నది దాని గురించేనే. నువ్వు సిగ్గుపడతావని భీముణ్ణి ముందు పెట్టా. ఇంక వాణ్ణి అడ్డం పెట్టుకోవద్దు."

నా కూతురికి మాటలు రావని, సంతోషం వస్తే చాలా పెద్దగా అరుస్తుందని, వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.  "ఆమె పేరేమిటి?" అని అడిగిందావిడ. చెప్పాను. సరిగ్గా పలకడం వచ్చేదాకా నాచేత రెండుసార్లు అనిపించుకుని, మేఘనకు గొర్రెలంటే భయమేమీ లేదు కదా అంది. ఫోన్ పెట్టేసి భోరున ఏడ్చాను. సిగ్గుతో కాదు, కోపంతో. నా పిల్ల సంతోషానికి నేను ఎంతమందికి క్షమాపణలు చెప్పానో గుర్తొచ్చింది.

వసుంధర గారు కుక్క కోసం మనుషుల్ని వదులుకున్నారని ఆ తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. వదులుకున్న మాట నిజమే, నేనూ వదులుకున్నాను. 2017లో ఆంటీ పోయారు. భీముడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు చలికాలంలో ఫోన్లు చేసేది నేనే. మొదటి ప్రశ్న మేఘన గురించి అడుగుతాను, తర్వాతే కుక్క గురించి.

ఎంత అడిగి వెళ్ళినా పక్క టెంటులో ఎవరుంటారో ముందే తెలియదు. ఈ వారం వేల్స్‌లో, పొద్దున్నే పొగమంచు విడిపోయి సముద్రం కనబడగానే మేఘన కేక వేసింది. పన్నెండేళ్ళ పిల్ల గొంతు, మైదానమంతా వినబడింది. పక్క టెంటాయన లేచి వచ్చి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. ఆ అడగడంలో ఆదుర్దా లేదు, విసుగే ఉంది.

"బాగానే ఉంది. మా అమ్మాయికి సముద్రం నచ్చింది. ఇంకో మూడు రోజులుంటాం" అన్నాను.

నేను సారీ చెబుతాననుకున్నాడు కాబోలు, ఆయన కదల్లేదు. నేను వెళ్ళి మేఘన పక్కన నిలబడి, అది మళ్ళీ కేక వేసేదాకా ఎదురుచూశాను.