జరగకూడనిదానికి కాపలా

మా బెరార్దో బావ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఏమని చెప్పను? కొండ కింద సొరంగంలో, గడ్డకట్టే చలిలో కొన్ని స్ఫటికాలు పెట్టుకుని, వాటిలో ఒక్క పరమాణువైనా ప్రకృతి ఒప్పుకోని పద్ధతిలో విరుగుతుందేమోనని ముప్ఫయ్యేళ్లుగా కాపలా కాస్తున్నాడు. ఒక్కటి విరిగితే చాలు, భౌతికశాస్త్రం పుస్తకాలన్నీ తిరగరాయాలట. ఒక్కటీ విరగలేదు. వచ్చే నెల పదవీ విరమణ. ఆలోగా ఒక్కటి కళ్లజూడాలని ఆయన కోరిక.

మా అమ్మ పల్మీరా నోరు మంచిది కాదు. బావని ఏనాడూ అల్లుడనలేదు. "మా పిల్ల మొగుడు" అంటుంది. సాయంత్రం ఆయన నా బార్‌లో అడుగు పెట్టగానే, నిప్పుల మీద గొర్రెమాంసం గుచ్చిన పుల్లలు తిప్పుతూ మొదలెడుతుంది.

"ఏం, కనబడిందా?"

"లేదత్తయ్యా."

"లేనిదెక్కడ కనబడుతుంది నాయనా!"

మాడిన పుల్లలన్నీ ఏరి ఆయన పళ్లెంలో వేస్తుంది. ఆయన నవ్వుతూ తింటాడు. ఆ నవ్వు చూస్తే నాకింకా కోపం.

వాళ్లదో వింత ఆచారం. యంత్రంలో నమోదైనదాన్ని ఏళ్ల తరబడి మూసిపెట్టి ఉంచుతారు, ఎవరూ చూడకూడదు. పైగా తమలోనే ఒకరిచేత రహస్యంగా ఒక దొంగ గుర్తు అందులో కలిపిస్తారు, అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వెతుకుతున్నారో లేదో తేలాలని. కలిపినవాళ్లు తెరిచే రోజు దాకా నోరు విప్పకూడదు.

మొన్న తెరిచారు. ఒక గుర్తు కనబడింది! "ఇది కలిపినవాళ్లుంటే చెయ్యెత్తండి" అందట వాళ్ల పెద్ద, మిరెల్లా మేడమ్. ఎవరూ ఎత్తలేదు. ఆ పని పురమాయించే పాత పెద్దాయన ఎప్పుడో పోయాడు, ఈసారి కలిపించనే లేదు కాబోలనుకున్నారు. ఇంకేముంది, అందరూ నా బార్ మీద పడ్డారు. బావ ఏడుస్తూ కనబడినవాళ్లనల్లా కావలించుకున్నాడు. నా కాఫీ మెషీన్ని కూడా వదల్లేదు.

మిరెల్లా మేడమ్ గ్లాసెత్తింది. "ఎప్పుడు జరిగిందో తెలుసా? తొమ్మిదేళ్ల కిందట, మార్చి పదకొండున, మిట్టమధ్యాహ్నం!"

"ఓరి నాయనో, అది నా పుట్టినరోజు!" అంది మా అమ్మ.

"ప్రకృతి కూడా నీకు భయపడిందే పిన్నీ!" అని అరిచాడు మంగలి కార్మినె. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. బావ మాత్రం గ్లాసు కింద పెట్టి నా చెవిలో గొణిగాడు.

"ఒరేయ్ దొనాతో, అది నేనేరా."

"ఏది?"

"కలిపింది నేనే. కలిపేసి మరిచిపొమ్మన్నాడు పెద్దాయన. అయినా గుర్తుండాలని మీ అమ్మ పుట్టినరోజు పెట్టాను."

"మరి?"

"మరిచిపోయాను."

మరిచిపొమ్మంటే నిజంగానే మరిచిపోయే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడుంటాడా? ఖర్మ!

"నోరు మూసుకో బావా. ఎవరికి తెలుసు? ఒక్క నెల ఆగు, హాయిగా ఇంట్లో కూర్చుంటావు."

"లేనిదాన్ని ఉందంటే, ఇన్నేళ్లు నేను చేసిందేమిట్రా?"

నేను చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాను, ఆయన కుర్చీ ఎక్కి అంతా చెప్పేశాడు. మిరెల్లా మేడమ్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"అయితే ముప్ఫయ్యేళ్లు వెతికి పల్మీరా పుట్టినరోజు కనిపెట్టావన్నమాట!" అన్నాడు కార్మినె. బార్ గొల్లుమంది. బావ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని కుర్చీ దిగాడు. నాకు ఏడుపొచ్చింది.

మా అమ్మ పట్టకారు బల్లకేసి కొట్టింది.

"నోర్ముయ్యండ్రా! అడవిపంది వేటకెళ్లొచ్చి మీరు కోసే కోతలు నాకు తెలియవూ? చూడనిది చూశానని చెప్పని మగాడు ఈ ఊళ్లో మా అల్లుడొక్కడే!"

ఎర్రగా కాలిన పుల్లలు ఏరి ఆయన పళ్లెంలో పెట్టింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"తిను నాయనా. ఇంకా నెలుందిగా, రేపు పొద్దున్నే వెళ్లాలి. కనబడినా కనబడకపోయినా వచ్చి నాకు చెప్పు."