అయ్యగారిని పట్టుకున్న మడత బల్ల

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక పాస్టరు గారి రెండు చేతులు, ఒక కోడిపుంజు, ఒక ముసలమ్మ గారి ఇరవై గుడ్లు, నా ఉద్యోగం, అన్నీ ఒకే పెట్టెలో ఇరుక్కుంటాయి. ఆ పెట్టె చేయించింది నేను. గుడ్లు తప్ప మిగతావన్నీ ప్రాణాలతో బయటపడ్డాయి కాబట్టి మీరు నిర్భయంగా నవ్వుకోవచ్చు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. బందరులో ఎస్సెల్సీ పాసై, ఆ తరవాత ఇంకేమీ పాసవక, ఇంట్లో కుర్చీలు బాగుచేస్తూ గడుపుతున్నాను. బాగుచేయడమంటే కాస్త ఊగే కుర్చీని అసలు కూర్చోలేని కుర్చీగా మార్చడం. చుట్టాలొస్తే మా అమ్మ ముందుగానే, "అది మా రత్నం బాగుచేశాడండీ, మీరు చాప మీద కూర్చోండి" అనేది. నేనది మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా మిషను హైస్కూల్లో చేతిపనుల మాస్టారి ఉద్యోగం ఖాళీ అయింది. స్కూలు మేనేజరు గారికి మా అయ్యగారి మాటంటే గురి. మా సంఘంలో పాస్టరు గారిని అయ్యగారనే అంటాం. ఆయన ఒక ఉత్తరం రాస్తే ఉద్యోగం వచ్చినట్టే. రాయకపోతే నేను ఇంకో ఏడాది కుర్చీలు బాగుచేయాలి, అందుకు మా ఇంట్లో కుర్చీలు మిగల్లేదు.

వెళ్ళి అడిగాను.

"ఉత్తరానికేముంది రత్నం, రాస్తాను. కానీ నీ పనితనం నేను కళ్ళారా చూడాలి కదా," అన్నారు అయ్యగారు. "నాకో బల్ల చేయించిపెట్టు. దివిసీమ తీసుకెళ్ళే బల్ల."

సంగతేమిటంటే, అయ్యగారు నెలకోసారి నాగాయలంక అవతల ఒక పల్లెకి వెళ్ళి ఆరాధన జరిపేవారు. అక్కడ మావాళ్ళకి తాటాకుల గుడి ఉంది గానీ బల్ల లేదు. వెళ్ళినప్పుడల్లా ఊళ్ళో ఒక పెద్దరైతు ఇంటి నుంచి అరువు తెచ్చేవారు. ఆయన మంచివాడే, ఎప్పుడూ కాదనలేదు. బల్ల తిరిగొచ్చాక మాత్రం పసుపునీళ్ళతో కడిగించి రెండు రోజులు ఎండలో పెట్టించేవాడు. ఆ విషయం గుడిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అయ్యగారికి అది ఏళ్ళ తరబడి మనసులో ముల్లులా ఉంది.

"బస్సెక్కాలి, పడవ దాటాలి, ఒంటెద్దు బండి మీద పోవాలి. తేలిగ్గా ఉండాలి. నా నడుము సంగతి నీకు తెలుసుగా, వంగకుండా తెరిచి మూసేలా ఉండాలి. ఎవరి వేళ్ళూ నలగకూడదు. వచ్చే నెల అక్కడ కోతపండుగ. ఆ రోజు మన బల్ల మీద ఆరాధన జరిగితే అక్కడికక్కడే ఉత్తరం రాసిస్తాను."

మామూలు మనిషైతే నాలుగు మడత కాళ్ళు పెట్టి ఊరుకునేవాడు. నేను మామూలు మనిషిని కాదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. మూడు రోజులు అన్నం కూడా సరిగ్గా తినకుండా కాగితాల మీద గీసి, తెరిస్తే బల్ల, మూస్తే పెట్టె అయ్యే యంత్రాన్ని కనిపెట్టాను. రెండు పలకలు, మధ్యలో బందులు, చుట్టూ అంచుపట్టీ. మూసినప్పుడు ప్రార్థన పుస్తకం, పళ్ళెం, దుప్పటి అన్నీ లోపలే ఉండిపోతాయి. కాళ్ళ దగ్గర జానెడు ఎత్తున ఒక తొక్కుడు చెక్క. దాన్ని నొక్కితే చాలు, పాత సైకిలు సీట్ల నుంచి పీకిన నాలుగు స్ప్రింగులు లాగి, పలకలు రెండూ పుస్తకంలా మూసుకుంటాయి. వేళ్ళు నలగకుండా అయ్యగారి వైపు అంచులో చేతులు పట్టేంత ఖాళీ. పిల్లలెవరూ తెరవకుండా దానంతటదే పడే తాళం.

ఈ కాగితాలన్నీ పట్టుకుని వడ్రంగి వీరాచారి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అరవయ్యేళ్ళ మనిషి. చిత్రిక పక్కన పెట్టి, నా బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"బాబూ, కాళ్ళు మడిచే బల్ల చేసి రెండు గడియలు పెడితే సరిపోదాండీ?"

"అది అందరూ చేసేదే ఆచారి గారూ."

"అందరూ ఎందుకు చేస్తారంటే అది విరగదు కాబట్టండి."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ తొక్కుడు చెక్క ఆయన కాళ్ళ దగ్గర పెట్టమంటున్నారు. పూజ వేళ ఆయన అక్కడ ఏం చేస్తారండి? కూచుంటారా, నిలబడతారా?" అని అడిగారు.

"నిలబడతారు. నిలబడే మాట్లాడతారు. పుట్టినప్పటి నుంచి గుడికి వెళ్తున్నవాణ్ణి, నాకు తెలీదా?"

"మీ గుడి సంగతి నాకేం తెలుసు బాబూ. చేసే ముందు అడగాలి కదా అని అడిగాను."

పాఠకులు ఈ ప్రశ్నని కాస్త గుర్తు పెట్టుకోవాలని మనవి. ఆయన ఏనాడూ మా గుడి గడప తొక్కలేదు. నేను వారం వారం తొక్కాను. అయినా అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగారు, చెప్పకూడని జవాబు నేనే చెప్పాను.

బల్ల తయారైంది. ఇంట్లో యాభై సార్లు తెరిచి మూశాను. తొక్కగానే 'టక్'మని తాళం పడే చప్పుడు వింటుంటే నాకు ఆకలి కూడా వేసేది కాదు.

"బానే ఉందిరా," అంది మా అమ్మ గుమ్మం అవతల నుంచే. "నువ్వు దూరం జరుగు, చూస్తుంటే నాకు భయంగా ఉంది."

కోతపండుగ నాడు అయ్యగారు, నేను, బల్ల బయల్దేరాం. బస్సులో దాన్ని పెట్టె అన్నారు, పడవలో హార్మోనియం అన్నారు. రెండు చోట్లా నేను ఓపిగ్గా ఉపన్యాసం ఇచ్చాను. గుడి చేరాక తాళం తీసి బల్ల తెరిచి, తాళంచెవిని రెండు చేతులతో అయ్యగారికి సమర్పించాను.

"బల్లకి తాళమెందుకు రత్నం?"

"భద్రతకండి. మూసుకుందంటే ఈ చెవి లేకుండా ఎవరూ తెరవలేరు."

"చెవి ఒకటేనా?"

"రెండుంటే ఇంక భద్రతేముందండి?"

అయ్యగారు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చదవాల్సిన పేజీకి గుర్తుగా ఉంటుందని ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నారు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు. అయ్యగారి భార్య పంపిన తెల్ల దుప్పటి నేల దాకా పరిచాం. తొక్కుడు చెక్క కనపడకుండా పోయింది.

ఇక కోతపండుగంటే తెలుసుగా. పండినదాంట్లో మొదటిది దేవుడి ముందు పెట్టాలి. ఆడవాళ్ళు వరి కంకులు, ఆనపకాయలు, గుమ్మడికాయలు, అరటిగెలలు మోసుకొచ్చారు. బరువైనవన్నీ నేల మీద పెట్టించి, బల్లని కాపాడానని నన్ను నేను అభినందించుకున్నాను. కంకుల కట్టలు, కాళ్ళు కట్టేసిన ఒక కోడిపుంజు, మరియమ్మ గారి గుడ్లబుట్ట మాత్రం పైకి ఎక్కాయి. మరియమ్మ గారు డెబ్బై దాటిన మనిషి. గుడ్లు పెడుతూ దుప్పటి ఎత్తి కిందకి తొంగి చూశారు.

"ఇదేం బల్ల నాయనా, ఒళ్ళంతా కీళ్ళే."

"కొత్త పద్ధతి మామ్మగారూ."

"అరువుది కాదుగా?"

"కాదండి. మనదే."

ఆవిడ ఒకసారి చేత్తో నిమిరి వెళ్ళి చాప మీద కూర్చున్నారు. ఆ క్షణంలో ఉద్యోగం నా జేబులో ఉన్నట్టే అనిపించింది.

పాటలయ్యాయి. బైబిలు చదవడం అయింది. ప్రసంగమైంది. బల్ల నిబ్బరంగా నిలబడింది. అయ్యగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "మోకరించి కృతజ్ఞతలు చెల్లించుదాం" అన్నారు.

ఆ మాట నేను పుట్టింది మొదలు వారానికోసారైనా విన్నాను. నా మోకాళ్ళు దాని మీదే అరిగాయి. అలాంటి నేను, అయ్యగారు కూడా మోకరిస్తారన్న ముక్క మర్చిపోయి బల్ల గీశాను. ఆలోచన తట్టేసరికి నేనూ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఒక కన్ను మూసి, రెండో కంటితో నా బల్ల అందం చూసుకుంటున్నాను.

అయ్యగారు చేతులు రెండూ జోడించి బల్ల అంచున ఆనించారు. నడుము పట్టుకున్నంత నెమ్మదిగా కిందకి దిగారు. కుడి మోకాలు దుప్పటి మీదుగా తొక్కుడు చెక్కని వెతుక్కుంది.

టక్.

పలకలు లేచి మూసుకున్నాయి. కోడి, కంకులు, గుడ్లు, పుస్తకం అన్నీ లోపలికి వెళ్ళాయి. వేళ్ళు నలగకుండా నేను చెక్కించిన ఖాళీలో అయ్యగారి మణికట్లు రెండూ సరిగ్గా కూర్చున్నాయి. గీత కూడా పడలేదు. బయటికి మాత్రం రావు.

సంఘమంతా కళ్ళు మూసుకుని తల వంచుకుని ఉంది. అయ్యగారు గొంతు తొణక్కుండా ప్రార్థన సాగించారు. నేను మోకాళ్ళ మీదే పాక్కుంటూ ఆయన పక్కకి చేరాను.

"ప్రభువా, ఈ పంట నీవు ఇచ్చినదే... రత్నం, తియ్యి."

"చెవి ఇవ్వండి అయ్యగారూ."

"నీ మేలులు లెక్కింపలేనివి... పుస్తకంలో ఉంది."

"పుస్తకం ఎక్కడండి?"

"మా బలహీనతలు నీకు తెలియును... లోపల."

"లోపలంటే అండి?"

"నీ సహనమును మాకు దయచేయుము తండ్రీ," అన్నారు అయ్యగారు, ఈసారి నా వైపు తిరిగి, చాలా మనస్ఫూర్తిగా.

నేను పెట్టెని పైకి లాగాను. అయ్యగారూ కాస్త పైకి వచ్చారు. కిందకి నొక్కాను. ఆయనా దిగారు. ప్రార్థన పది నిమిషాలు దాటింది, పదిహేను దాటింది. వానల గురించి, కాలవల గురించి, రోగుల గురించి, ప్రయాణాల్లో ఉన్నవారి గురించి అయిపోయి, అయ్యగారు పశువుల్లోకి వచ్చారు. వెనక నుంచి ఎవరో తన్మయత్వంతో, "ఈరోజు అయ్యగారు ఆత్మలో ఉన్నారు" అన్నారు. నిజానికి ఆయన బల్లలో ఉన్నారు.

చివరికి మోకాళ్ళు లాగిన మరియమ్మ గారు కళ్ళు తెరిచారు. చూసింది పైకే చెప్పారు. సంఘమంతా లేచి చుట్టూ మూగింది. సంఘపెద్ద నన్ను నిలదీశాడు.

"ఎవరయ్యా ఈ బల్ల చేసింది?"

"బందర్లో ఎవరోనండి. నాకు సరిగ్గా తెలీదు."

పెట్టెలోంచి కోడి కూసింది.

బైబిల్లో ప్రభువుని ఎరగనని శిష్యుడు బొంకగానే కోడి కూసింది కాబట్టి, అబద్ధమాడిన వెంటనే కోడి కూస్తే ఏమిటో మావాళ్ళకి వేరే బోధించక్కర్లేదు. నేను తల దించుకున్నాను. మోకాళ్ళ మీద ఉండి కూడా అయ్యగారు నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది.

"ఆ బందుల మేకులు పీకేస్తే పోదా నాయనా?" అన్నారు మరియమ్మ గారు.

"మేకులు కావండి, మరలు."

"ఏవైతే ఏం, అయ్యగారు ఒంగొని ఉన్నారు."

కొడవలి మొనతో ఆవిడ మనవడు మరలు ఒక్కొక్కటే తిప్పాడు. మూడు రోజులు కలలు కని నేను చేయించిన యంత్రం మూడు నిమిషాల్లో రెండు ముక్కలైంది. కోడి బయటికొచ్చి నన్ను ఒక చూపు చూసింది. అయ్యగారు లేచి మణికట్లు రుద్దుకుని, "ఆమేన్" అన్నారు. అంతకన్నా గట్టి ఆమేన్ నేను ఆ తరవాత వినలేదు.

ఇరవై గుడ్లూ పోయాయి. మరియమ్మ గారి ముందు నిలబడటానికి నాకు ముఖం చెల్లలేదు. ఇది మాత్రం హాస్యం కాదు, ఆవిడ పదిరోజులుగా కూడబెట్టినవి. ఆవిడ రెండు పలకల్లో ఒకదాన్ని చేత్తో తట్టి, "చెక్క మంచిదే" అన్నారు. సాయంత్రంలోగా గుడిలో నాలుగు గుంజలు పాతి, ఆ పలకని మేకులతో దిగ్గొట్టేశారు. స్ప్రింగులు లేవు, తాళం లేదు, మడత అసలే లేదు. ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ బల్ల అరువు అడగలేదు. నేను చేయించినవాటిలో పనికొచ్చింది అదొక్కటే, అదీ నా తెలివంతా ఊడదీశాక.

ఆ బల్ల మీదే అయ్యగారు ఉత్తరం రాసి, అంటించి ఇచ్చారు. దారంతా దాన్ని గుండెకి హత్తుకుని తెచ్చాను. మర్నాడు మేనేజరు గారు దాన్ని నా ముందే పైకి చదివారు.

"ఈ చిరంజీవి బుద్ధిమంతుడు. నేను ఇన్నేళ్ళు ప్రసంగించి ఆ ఊరివారిని ఎన్నడూ ఇరవై నిమిషాలు మోకాళ్ళ మీద నిలపలేకపోయాను. ఇతని పనితనం ఒక్కరోజులో నిలిపింది, నన్ను కూడా కలుపుకుని. ఇతనికి లెక్కలు ఇవ్వండి, తెలుగు ఇవ్వండి, ఏ తరగతైనా ఇవ్వండి. ఉలి మాత్రం ఇవ్వకండి."

అలా నేను లెక్కల మాస్టారినయ్యాను. వీరాచారి గారికి జరిగింది చెబితే చిత్రిక ఆపకుండానే, "అడిగాను కదండీ బాబూ" అన్నారు.

కాబట్టి సర్వజనులకూ తెలియజేయునదేమనగా, ఈ జన్మలో నేను మడిచేది, తెరిచేది, టక్‌మనేది ఏదీ చేయను, చేయించను, చేసేవారికి సలహా ఇవ్వను. ఈ ప్రతిజ్ఞ నిలబడి కాదు, మోకరించి మరీ చేశాను, ముందు కింద ఏమైనా ఉందేమో దుప్పటి ఎత్తి చూసుకుని. వానాకాలంలో మా ఇంట్లో గొడుగు మడిచేది ఈనాటికీ మా ఆవిడే.