తోటికోడలి అరచేతులు

ఫిల్మ్ నగర్ స్టూడియోలో హీరోయిన్ల చీరలు ఇస్త్రీ చేసే భూలక్ష్మికి తోటికోడలు వందనను చూస్తే ఒళ్ళుమంట. దాచుకునే మంట కూడా కాదు. మరిది కమలాకర్ హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం సంపాదించాడు. పెళ్ళయిన ఏడాదికే వందన కడుపుతో ఉంది. రహమత్ నగర్ ఇంట్లో అత్త అనసూయమ్మ ఆ చిన్నకోడలిని కాలు కింద పెట్టనివ్వడం లేదు.

ఆరేళ్ళ కిందట భూలక్ష్మిని మాత్రం అదే అత్త ఎనిమిదో నెలలోనూ పనికి పంపింది. ఆ నెలలోనే బిడ్డ కదలడం మానేసింది. ఇస్త్రీ వేడికే పోయిందని అత్త తేల్చేసింది, భూలక్ష్మీ నమ్మింది. మళ్ళీ కడుపు పండలేదు.

ఏడో నెల దాటాక వందన రోజూ గోరింటాకు నూరిపెట్టమని అడగసాగింది.

"అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురదక్కా. రాత్రంతా నిద్ర పడ్తలేదు. చూస్తే పొక్కు లేదు, దద్దు లేదు."

"కడుపుల బిడ్డకు జుట్టు మొలుస్తుంది, గందుకే" అని అనసూయమ్మ మురిసిపోయింది.

రోటి ముందు భూలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఇదే దురద. తనకూ అత్త ఇదే మాట చెప్పింది. పోనీ, దీనికీ తెలిసొస్తుందిలే అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు గోరింటాకు నూరిపెడుతూనే ఉంది.

ఆ మర్నాడు వందన పాదం ఒళ్ళో పెట్టుకుంటే, గీరుకున్నచోట నెత్తుటి చారలు కనిపించాయి. ఇక ఆగలేకపోయింది.

"దవాఖానకు పోదాం పా. నాకు గూడ గిట్లనే అయింది, ఎన్కనే బిడ్డ పోయింది."

"దాని కడుపు చూసి ఓర్వలేక గిట్ల మాట్లాడుతున్నవా?" అత్త గయ్యిమంది.

"ఓర్వలేను అత్తమ్మా, నిజమే. అయినా పోవాలె."

వందన అప్పటికే చెప్పులేసుకుంది.

జూబ్లీ హిల్స్ ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. కొందరు గర్భిణులకు కాలేయం మందగించి పైత్యరసం రక్తంలో పేరుకుంటుందని, ఈ దురద దానివల్లేనని, బిడ్డకు ముప్పని చెప్పింది. దురద తగ్గడానికి మాత్రలిచ్చింది. వారం వారం రక్తం చూస్తూ, నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేసింది. ఆడపిల్ల, కెవ్వుమని ఏడ్చింది.

అనసూయమ్మ మిఠాయిలు పంచుతుంటే భూలక్ష్మి వరండాలో డాక్టరమ్మను ఆపి, తన బిడ్డ పోయిన సంగతంతా చెప్పింది.

"నాది గూడ గిదేనా డాక్టరమ్మా? ఇస్త్రీ వేడికి కాదా?"

"పరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేనమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇదే అయ్యుండొచ్చు. ఇస్త్రీ వేడికైతే కాదు."

"అప్పుడు గూడ గీ పరీక్షలు ఉండెనా?"

"ఉన్నాయమ్మా" అంది డాక్టరమ్మ.

భూలక్ష్మి లోపలికెళ్ళి ఉయ్యాలలో పిల్లను చూసింది. అసూయ ఎక్కడికీ పోలేదు, ఇంకా పెరిగింది. వందనకు చెప్పడానికి భూలక్ష్మి ఉంది. భూలక్ష్మికి ఎవరూ లేకపోయారు. అది తలచుకుని, పిల్లను ఎత్తుకోకుండానే, ఉయ్యాల పట్టుకుని భోరున ఏడ్చింది.